అద్దె ఇంటి వంటగదికీ ఒక మీటరు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కరెంటు చార్జీల గురించి మీ పత్రికలో తరచూ ఉత్తరాలు చూస్తున్నాను. బిల్లు పెరిగిందనీ, సర్దుబాటు చార్జీల పేరుతో ఎప్పుడో వాడుకున్న కరెంటుకి ఇప్పుడు డబ్బు కట్టించుకుంటున్నారనీ రాస్తున్నారు. అవన్నీ నిజాలే. కానీ అవి సొంత మీటరు ఉన్నవాళ్ల బాధలు. మీటరే లేనివాళ్ల సంగతి ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది నరసాపురం మండలం. ముందు భాగంలో ఓనరు గారి కుటుంబం ఉంటుంది. వెనక వరసగా మూడు పోర్షన్లు, మధ్య పోర్షన్‌లో మేము. ఒక గది, ఒక వంటగది, ముందు చిన్న వరండా. మా ఆయన రొయ్యల చెరువు దగ్గర కాపలా. నేను లేసు అల్లుతాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నాలుగు కుటుంబాలకీ మీటరు ఒక్కటే, అది ఓనరు గారి పేరున ఉంది. మా మూడు పోర్షన్లకీ మెట్ల కింద గోడకి మూడు సబ్ మీటర్లు బిగించారు. నెలాఖరున ఓనరు గారు సెల్‌ఫోను లైటు వేసి అంకెలు చదువుతారు, నేను క్యాలెండరు మీద రాసుకుంటాను. యూనిట్‌కి 9 రూపాయలు.

ఆ 9 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో చాలాకాలం నాకు అర్థం కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉన్న స్లాబుల ప్రకారం ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు నాలుగున్నర. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. 226 నుంచి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆ పైన 9 రూపాయల 75 పైసలు. అంతకుముందు ఏ, బీ, సీ అని గ్రూపులు ఉండేవి. వాటిని తీసేసి అందరికీ ఒకే మెట్ల లెక్క పెట్టారు. కాబట్టి ఎంత ఏసీలు తిరిగే ఇంటికైనా మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలకే వస్తాయి. మాకు మాత్రం మొదటి యూనిట్ నుంచే 9 రూపాయలు.

ఓనరు గారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అడిగితే ఆయన బిల్లు తెచ్చి చూపించారు, నేనూ మా అమ్మాయీ కూర్చుని లెక్క కట్టాం. మే నెలలో మా మూడు పోర్షన్లూ తలా 85 యూనిట్ల దాకా కాల్చాయి, ఓనరు గారి ఇల్లు 180. మొత్తం 435. స్లాబుల ప్రకారం వాడకం చార్జీ ఒక్కటే 2,889 రూపాయల 50 పైసలు. మేమెవరం లేకుండా ఆయన ఒక్కరే 180 యూనిట్లు కాల్చి ఉంటే 747 రూపాయలు అయ్యేది. మిగిలిన 2,142 రూపాయల 50 పైసలు మా ముగ్గురి వల్ల పెరిగిందే. దాన్ని మా 255 యూనిట్లకి పంచితే యూనిట్‌కి 8 రూపాయల 40 పైసలు వచ్చింది. దాని మీద సర్దుబాటు చార్జీ, యూనిట్‌కి 6 పైసల విద్యుత్ సుంకం, మిగతావీ కలిపితే 9 రూపాయల దగ్గరే తేలుతుంది. ఆయన మా దగ్గర లాభం తియ్యడం లేదు, జేబులోంచి వేసుకోలేరు కూడా. అంత న్యాయంగా పంచుకున్నా 85 యూనిట్లకి నేను కట్టింది 765 రూపాయలు. అవే 85 యూనిట్లు నాకు సొంత మీటరు మీద తిరిగి ఉంటే వాడకం చార్జీ 237 రూపాయలు. పైన పడేవన్నీ వేసుకున్నా నాలుగు వందల దగ్గర ఆగాలి.

నాలుగు మీటర్లు ఉండి ఉంటే నాలుగు ఇళ్లకీ కలిపి వాడకం చార్జీ 1,458 రూపాయలు అయ్యేది. ఒకే మీటరు కావడం వల్ల ఆ ఒక్క నెలలో 1,431 రూపాయల 50 పైసలు ఎక్కువ కట్టాం. ఎవరూ ఒక్క యూనిట్ కూడా అదనంగా వాడలేదు. తక్కువ వాడే పేదవాళ్లకి తక్కువ ధర పడాలని పెట్టిన మెట్లు, పేదవాళ్లు నలుగురు ఒక గోడ వెనక ఉండేసరికి వాళ్లని పైమెట్టు మీద నిలబెడుతున్నాయి.

పొదుపు చేసుకోమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మా పొదుపు సంగతి చెబుతాను. రైస్ కుక్కరు అటక మీద పెట్టేశాం, అన్నం గ్యాసు మీదే. మిక్సీ వారానికి ఒక్కసారి, ఇడ్లీ పిండి రోజున పచ్చళ్లూ మసాలా ముద్దా అన్నీ అప్పుడే. ఇస్త్రీ పెట్టె అమ్మాయి యూనిఫాంకి తప్ప తియ్యం. సెకండ్ హ్యాండులో కొన్న ఫ్రిజ్ ఒకటి ఉంది. చలికాలం నాలుగు రోజులు దాన్ని ఆపేస్తాం, ఎండాకాలం మాత్రం కుదరదు. బల్బులన్నీ 9 వాట్ల ఎల్‌ఈడీలే. ఇంతకన్నా ఎక్కడ తగ్గించాలి?

ఫ్యాను సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు దాని వైపే వేలు చూపిస్తారు. సముద్రం దగ్గర ఊరు, ఏప్రిల్ వచ్చిందంటే ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. లేసు దారం పాల మీగడలా తెల్లగా ఉంటుంది. చేతికి చెమట పడితే ఆ దారం సూది దగ్గర మాసిపోతుంది, అల్లిన పువ్వు అంచున సన్నటి బూడిద చార కనిపిస్తుంది. అది ఉతికినా పూర్తిగా పోదు. ఏజెంటు ఆ ముక్కని వెలుతురుకి ఎత్తి చూసి పక్కన పెడతాడు, దానికి కూలీ తెగ్గోస్తాడు. అందుకని నేను అల్లుతున్నంతసేపూ పంకా తిరగాల్సిందే. మబ్బు పట్టిన రోజుల్లో పగలే లైటు వెయ్యాలి, లేకపోతే కన్నం లెక్క తప్పుతుంది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. ఆ లేసు తయారయ్యే చోటు మా వరండాలే, మా వంటగదుల గుమ్మాలే. అక్కడ తిరిగే ఫ్యాను సుఖానికి తిరిగేది కాదు, అది మా పనిముట్టు.

పాత ఫ్యాను 75 వాట్లది. రోజుకి 14 గంటలు తిరిగితే ఒక యూనిట్ పైనే, నెలకి 31 యూనిట్లు. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని, మూడు వేలకి కాస్త తక్కువలో, రిమోటుతో వచ్చే, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను కొన్నాను. 30 వాట్ల దగ్గర తిరుగుతుంది, నెలకి 13 యూనిట్లలోపే. ఫ్యాను ఎక్కువసేపు తిరిగే ఇల్లయితే, నాలాగా యూనిట్‌కి 9 రూపాయలు కట్టేవాళ్లు ఎవరైనా ఆలోచించదగ్గ ఖర్చే. నెలకి 160 రూపాయల దాకా తగ్గుతుంది, ఏడాదిన్నర దాటాక ఫ్యాను డబ్బు తిరిగి వచ్చేస్తుంది. అప్పు తీరేదాకా మాత్రం ఆ తగ్గింపు వాయిదాకే పోతోంది.

ఇక పైన పడే నష్టాలు. రాష్ట్రంలో అర్హత ఉన్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం. మా చివరి పోర్షన్‌లో ఉండే కుటుంబం ఎస్సీలు. సర్టిఫికెట్ ఉంది, వాడకం నూరు యూనిట్లు కూడా లేదు. మీటరు వాళ్ల పేరున లేదు కాబట్టి వాళ్లూ నాతోపాటు 9 రూపాయలు కడుతున్నారు. ప్రభుత్వం మాఫీ చేసిన కరెంటుకి ఆ ఇంట్లో నెలనెలా 700 పైచిలుకు పోతోంది.

రెండోది, 300 యూనిట్ల నిబంధన. సంక్షేమ పథకాలకి అర్హత చూసేటప్పుడు ఇంటి కరెంటు వాడకం నెలకి 300 యూనిట్లలోపు ఉండాలి అంటారు. ఒకే మీటరు మీద నాలుగు కుటుంబాలు ఉన్నప్పుడు ఆ మీటరు సులువుగా 300 దాటుతుంది. మా మొదటి పోర్షన్ ఆవిడకి పిల్లవాడి పథకం డబ్బు ఆగిపోయింది. తిరిగి తిరిగి అడిగితే, సర్వేలో ఈ ఇంటి మీటరు నంబరే ఆవిడ ఆధార్‌కి ఎక్కిందని తెలిసింది. దాన్ని తీయించడానికి ఆవిడ కూలి మానుకుని తిరగాల్సి వచ్చింది.

మూడోది, సూర్యఘర్ పథకం. 2024లో మొదలైంది. ఇంటి కప్పు మీద సోలారు పెట్టుకుంటే కేంద్రం కిలోవాటుకి 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడు కిలోవాట్లకి మొత్తం 78 వేలు సబ్సిడీ ఇస్తుంది. మంచి పథకమే. కాకపోతే కప్పు మాది కాదు, మీటరూ మాది కాదు. మా ఆయన కాపలా కాసే చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరగడానికి, ఆక్వా జోన్‌లో (చేపలు, రొయ్యల సాగుకి ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో) అర్హత ఉన్న రైతుకి యూనిట్ రూపాయిన్నరకే ఇస్తున్నారు. ఆ రాయితీ ఉండాల్సిందే, రొయ్యకి గాలి అందకపోతే రైతూ మునుగుతాడు, మా ఆయన జీతమూ పోతుంది. ఎవరి రాయితీనీ తియ్యమని నేను అడగడం లేదు. ఇంటి వాడకానికి ఇప్పటికే ఉన్న ధర మాకూ చేరేలా చూడమంటున్నాను.

చట్టంలో ఇందుకు దారి ఉంది. విద్యుత్ చట్టం 2003లోని 43వ సెక్షన్, ఇంటి యజమాని గానీ ఆ ఇంట్లో నివాసం ఉంటున్నవారు గానీ దరఖాస్తు పెట్టుకుంటే పంపిణీ సంస్థ కరెంటు ఇవ్వాలని చెబుతోంది. యజమాని ఒక్కరే అని లేదు. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం కొత్త కనెక్షను మునిసిపాలిటీల్లో ఏడు రోజుల్లో, పల్లెల్లో పదిహేను రోజుల్లో ఇవ్వాలి. మా అమ్మాయి ఫోనులో చదివి చెప్పాక నేను కరెంటు ఆఫీసుకి వెళ్లి అడిగాను. కౌంటరులో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడారు. ఇంటి పన్ను రసీదూ, ఓనరు గారి సంతకమూ తెమ్మన్నారు.

చిక్కంతా ఆ సంతకం దగ్గరే. ఓనరు గారిని అడిగితే, "మీటరు నీ పేరున పెట్టాక రేపు ఇల్లు కూడా నాదేనంటే నేనేం చెయ్యాలమ్మా" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కష్టపడి కట్టుకున్న ఇల్లు, కోర్టుల చుట్టూ తిరిగే వయసు కాదు. కరెంటు మీటరు పేరున ఉన్నంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదు. ఆ మాట నేను చెబితే ఆయన నమ్మరు. కరెంటు శాఖవాళ్లు దరఖాస్తు కాగితం మీదే అచ్చువేసి, ఓనరుకీ ఒక కాపీ ఇస్తే నమ్ముతారు.

ఢిల్లీలో 2019లో అద్దెదారుల కోసమే మీటరు పథకం పెట్టారు. అద్దె ఒప్పందం చూపించి, మూడు వేల రూపాయలు డిపాజిట్ కట్టి, ఓనరు అనుమతి పత్రం లేకుండానే ప్రీపెయిడ్ మీటరు తీసుకునే వీలు కల్పించారు. ముందే డబ్బు వేసుకునే మీటరు కాబట్టి అద్దెకున్నవాళ్లు బాకీ పెట్టి వెళ్లిపోతారన్న భయం ఓనరుకి ఉండదు. మన దగ్గర అద్దె కాగితం రాసుకునేవాళ్లు తక్కువ, నోటిమాట మీదే ఇల్లిస్తారు. దానికి బదులు బియ్యం కార్డు, గ్యాస్ కనెక్షను పుస్తకం, గ్రామ సచివాలయంలో నమోదైన చిరునామా చూస్తే సరిపోతుంది.

పై స్లాబు తప్పించుకోవడానికి డబ్బున్నవాళ్లు ఒకే ఇంట్లో రెండు మూడు మీటర్లు పెట్టుకుంటారని అధికారులు అనొచ్చు. అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. అందుకే వంటగదిని గుర్తుగా పెట్టుకోమంటున్నాను. వేరే పొయ్యి, వేరే గ్యాసు పుస్తకం, వేరే బియ్యం కార్డు ఉన్న ఇంటికి వేరే మీటరు. సచివాలయంలో ఉండే ఎనర్జీ అసిస్టెంటు ఒకసారి వచ్చి చూస్తే ఎవరి పొయ్యి ఏదో తెలిసిపోతుంది. మా వీధిలో ఎన్ని మీటర్ల వెనక ఎన్ని కుటుంబాలున్నాయో వాళ్లకి ఇప్పటికే తెలుసు.

కొత్త మీటర్లు వచ్చేలోపు చెయ్యగలిగింది కూడా ఒకటుంది. ఒక మీటరు మీద నాలుగు కుటుంబాలున్నాయని సచివాలయం ధ్రువీకరిస్తే, బిల్లు వేసేటప్పుడు స్లాబులని ఆ నాలుగు కుటుంబాలకీ విడగొట్టి లెక్క కట్టాలి. అప్పుడు ఓనరు గారి సంతకం కోసం ఎవరూ ఆగక్కర్లేదు. నీళ్ల మోటారు కూడా ఆ లెక్కలోకి రావాలి. మా దగ్గర భూమిలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, కుళాయి నీళ్లు కింద తొట్టిలో పట్టి మోటారుతో పైకి ఎక్కించుకుంటాం. ఇప్పుడు ఆ మోటారు ఖర్చు నాలుగు వాటాలు వేసి, ఒక్క మనిషి ఉన్న ఇంటికీ ఆరుగురున్న ఇంటికీ సమానంగా పడుతోంది.

మా జిల్లా ప్రజాప్రతినిధులు, విద్యుత్ నియంత్రణ మండలి వారు ఈ ఉత్తరం చూసి అద్దెదారుల మీటరు విషయం చర్చకు పెట్టాలని కోరుతున్నాను. చార్జీల మీద మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరిపేటప్పుడు అద్దెకుండేవాళ్లు కూడా వెళ్లి ఈ మాట చెప్పాలి. నేనూ వెళ్తాను.

దయచేసి నా పేరు వెయ్యవద్దు. ఇంటి ఓనరు గారితో మాకు ఏ తగువూ లేదు, ఇకముందు రావడమూ ఇష్టం లేదు.

ఇట్లు,
లేసు అల్లుకునే ఒక గృహిణి,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా