పాత బ్లాక్ కొనేముందు బోరు కొలిపించండి

సంపాదకులకు నమస్కారం.

యమహా ఆర్‌ఎక్స్ 100 బైక్ తయారీ 1996లోనే ఆగిపోయింది, అయినా కుర్రాళ్లకు దాని మీద మోజు తగ్గలేదు. బండి ఇంకా బాగా లాగాలని పాత బ్లాకులు (ఇంజిన్‌లో పిస్టన్ ఆడే సిలిండర్లు) వెతికి కొని, వేలకు వేలు పోసి, చివరికి పనికిరానిది తెచ్చుకుంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో బ్లాకులు బోర్ చేసే, అంటే అరిగిన లోపలి రంధ్రాన్ని తొలిచి సరిచేసే పని నాది, రోజూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నా.

"ఒరిజినల్ జపాన్ బ్లాక్" అంటూ బ్లాస్టింగ్ చేసి (ఇసుక చిమ్మి శుభ్రం చేసి) రంగు కొట్టింది చేతిలో పెడతారు. ఆ మెరుపు చూసి డబ్బులు ఇచ్చేయకండి. ఈ బండి స్టాండర్డ్ బోరు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం వ్యాసం, 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోతారు, 51 దాటిన బ్లాక్ నేనైతే తీసుకోమని చెప్పను. పై అంచులో వెర్నియర్ పెట్టి "చూడు, ఇంకా 50 పాయింట్ రెండే" అంటారు, కానీ అక్కడిదాకా పిస్టన్ రింగులు రావు కాబట్టి అక్కడ అరగదు. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, అదీ రెండు వైపులా తిప్పి కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంకొకటి, బోరు పెంచితే పవర్ పెరుగుతుందని చాలామంది నమ్మకం. 50 నుంచి 51కి వెళ్తే 98 సీసీ కాస్తా 102 అవుతుంది, అంతే. రీబోర్ అరుగుదలకు మందు, స్పీడుకు కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది పోర్టుల విషయం, అంటే గ్యాసు లోపలికీ బయటికీ వెళ్లడానికి సిలిండర్ గోడలో ఉండే కంతలు. ముందు ఎవరో గ్రైండర్ పెట్టి సైలెన్సర్ వైపు పోర్టును పైకీ పక్కలకీ కోసేసి ఉంటారు. పైకి ఎక్కువ కోస్తే హై ఆర్‌పీఎంలో లాగుతుందేమో గానీ ట్రాఫిక్‌లో బండి కదలనంటుంది, పక్కలకు మరీ వెడల్పు చేస్తే రింగు అందులో తగులుకుని విరుగుతుంది. కాగితం చుట్టి బోరు లోపల అతికించి, పెన్సిల్ పక్కకి వంచి రుద్దితే పోర్టుల అంచులు అచ్చు పడతాయి, దాన్ని చెయ్యి పెట్టని బ్లాకు అచ్చుతో పోల్చి చూడండి. పగుళ్ల అనుమానం ఉంటే కిరోసిన్ రాసి, బాగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే కాసేపటికి తడి గీత కనిపిస్తుంది. బ్లాకు చుట్టూ చల్లబరిచే ఫిన్నులు విరిగినా, సైలెన్సర్ స్టడ్ల మరలు పోయినా ధర తగ్గించి అడగండి, అవి పెద్ద జబ్బులు కావు.

ఈ బండికి పెద్దదైన ఆర్‌ఎక్స్ 135 బ్లాక్ ఎక్కించేవాళ్లు ఆర్‌సీలో సీసీ ఎంత ఉందో కూడా గుర్తుంచుకోవాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పుల గురించే.

అమ్మే షాపులవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బోరు సైజు ఎంత, స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) మార్చారా, పోర్టులు కోశారా అన్నది బిల్లు మీద రాసి ఇవ్వండి. కొనేవాళ్లు కూడా కొలిపించాకే డబ్బులిస్తామని ముందే చెప్పండి.

— ఒక బోరింగ్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ