ఒక్క ఉత్తరం చూసి పిల్లి జబ్బు తేల్చకండి

సంపాదకులకు,

అయ్యా,

మీ పెంపుడు జంతువుల శీర్షికలో పోయిన వారం ఒకామె తన పిల్లి గురించి అడిగింది. వీపు మీద చర్మం అలలు అలలుగా కదులుతోందని, తన తోకను చూసి తనే ఉలిక్కిపడుతోందని రాసింది. దానికి ‘ఇది హైపర్‌ఎస్తీషియా సిండ్రోమ్ (వీపు చర్మం అతిగా అదిరే జబ్బు), నరాల మందు వాడాలి’ అని రెండు ముక్కల్లో జవాబు ఇచ్చారు. ఆ జవాబు తప్పని నేను అనడం లేదు. అంత తొందరగా చెప్పే జవాబు కాదంటున్నా. మా ఇంట్లో ఆ పేరు ఖాయమవడానికి ఏడు నెలలు పట్టింది.

నేను కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. మా పిల్లి నాలుగేళ్ల కింద మా సందు చివర ఫ్యూజు డబ్బాలో దొరికింది కాబట్టి దాని పేరు ఫ్యూజు. ఆడపిల్లి, ఆపరేషన్ చేయించాం. ఈ ఏడు సంక్రాంతి అయిన వారానికి, రాత్రి తొమ్మిదింటప్పుడు చాప మీద పడుకున్నది ఒక్కసారి లేచి కూచుంది. భుజాల నుంచి తోక మొదలు దాకా, దుప్పటి కింద ఎలుక ఉరికినట్టు చర్మం కదిలింది. కళ్లలో పసుపు పోయి నల్లగుడ్డే నిండిపోయింది. తోక నేలకేసి కొట్టుకుంటోంది. వెనక్కి తిరిగి ఆ తోకను పరాయిదాన్ని చూసినట్టు చూసి, ఒక్క కొరుకు కొరికి, అరుస్తూ బీరువా కిందికి దూరింది. అర నిమిషం, అంతే. తర్వాత బయటికొచ్చి ఏమీ ఎరగనట్టు కాలు నాక్కుంటూ కూచుంది.

కరెంటు పని చేసినోణ్ణి కదా, మొదట నాకు తట్టింది షాకే. ఫ్రిజ్జు బాడీకి, ఇనప మంచానికి టెస్టర్ పెట్టి చూశాను. ఎక్కడా లీకేజీ లేదు. పక్కింటామె ‘గాలి సోకిందన్నా’ అని ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఆ వాసనకు మేమందరం దగ్గాం, పిల్లి ఒక్కటే నిమ్మళంగా ఉంది. రెండోసారి వచ్చినప్పుడు పట్టుకోబోయాను. బొటనవేలికి పన్ను దిగింది. పావుగంట సబ్బుతో కడిగి, తెల్లారి నారాయణగూడలో ఐపీఎం అనే సర్కారు సంస్థకు పోయి రేబిస్ టీకా వేయించుకున్నాను. అట్లా వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోకూడదని ఆ రోజు తెలిసింది.

మొదట చూపించిన క్లినిక్‌లో ఫ్యూజు బల్ల మీద బుద్ధిగా పడుకుంది. ఐదు నిమిషాల్లో ‘ఏం లేదు, విటమిన్ చుక్కలు వేయండి’ అన్నారు. పెంపుడు జంతువుల సామాన్ల షాపతను వీపు మీద వేసే మందొకటి చేతిలో పెట్టాడు. మా అమ్మాయి డబ్బా తిప్పి చదివింది కాబట్టి సరిపోయింది. అది కుక్కల మందు, అందులో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంది. కుక్కకు పనికొచ్చే ఆ మందే పిల్లికి విషమట, ఫిట్లు వచ్చి చచ్చిపోవచ్చట. వేసుంటే, ఫిట్లు వచ్చింది జబ్బు వల్లనే అనుకునేవాళ్లం.

మా పనిలో అన్నిటికంటే సతాయించేది వచ్చీపోయే ఫాల్టు. ఫీడర్, అంటే కరెంటు పంచే లైను, ట్రిప్ అయి ఆగిపోతుంది, మనం పోయేసరికి లైను బాగానే ఉంటుంది. అప్పుడు లైనును ముక్కలుగా విడదీసే ఏబీ స్విచ్‌లు తీసేసి, ఒక్కో ముక్కకు కరెంటు ఇచ్చుకుంటూ పోతాం. ఎక్కడ మళ్లీ ట్రిప్ అయితే ఫాల్టు అక్కడ. తర్వాత దొరికిన డాక్టరమ్మ అచ్చం అదే పని చేసింది. ముందు నా ఫోన్‌లో వీడియో చూసింది, మూడుసార్లు. పడిపోయిందా, చొంగ కార్చిందా, తెలియకుండా ఉచ్చ పోసిందా, తర్వాత మత్తుగా తిరిగిందా అని అడిగింది. మూర్ఛకూ దీనికీ తేడా పట్టుకోవడానికట. ఈగ వాలితే బర్రె చర్మం అదురుతుంది చూడండి, అట్లా వీపు ముట్టుకుంటే కొంచెం అదరడం మంచి పిల్లికీ ఉంటుందని, దాంతోపాటు కళ్లు, తోక, ఉరకడం, కొరుక్కోవడం కూడా చూడాలని చెప్పింది.

తర్వాత పేల దువ్వెన లాంటి సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వింది. నల్లటి నలుసులు రాలాయి. తడి దూదిలో పెట్టి నొక్కితే చుట్టూ తుప్పు రంగు దిగింది. అది ఫ్లీల (పిల్లి ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగుల) పెంట, అంటే అరిగిన రక్తం. పురుగు ఒక్కటీ మా కంటికి కనబడలేదు, ఎందుకంటే పిల్లి నాకి మింగేస్తుంది. అలర్జీ ఉన్నదానికి ఒకటి రెండు కుట్టినా చాలట. పిల్లుల మందు నెలకోసారి, మూడు నెలలు వేశాం. రోజూ వచ్చేది వారానికి రెండుసార్లకు దిగింది గానీ పోలేదు.

ఇక చర్మం గీకి చూడటం, ఫంగస్ పరీక్ష, రక్తం, వెన్నెముక ఎక్స్‌రే అయ్యాయి. నొప్పి ఏమైనా ఉందేమోనని రెండు వారాలు నొప్పి మందిచ్చి చూసింది. (అది డాక్టరు ఇచ్చే మందు. మనం వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం, పొరపాటున కూడా వేయకండి.) తిండి అలర్జీ కోసం ఎనిమిది వారాలు ఒకే రకం తిండి పెట్టమంది. ఐదో వారంలో పక్కింటి డాబా మీద ఎండు చేపలు ఆరబెట్టారు. మళ్లీ ఒకటో వారం నుంచి మొదలు.

ఇవన్నీ అయ్యాకే ఆగస్టులో డాక్టరమ్మ ఆ పేరు రాసింది. ఈ జబ్బును ‘ఉంది’ అని చూపించే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదట. మిగతావి కాదని తేలితే మిగిలేది ఇది. నరాల జబ్బా, మనసు జబ్బా, నొప్పా అని పెద్ద డాక్టర్లే ఇంకా ఒక మాట మీద లేరట. ఇప్పుడు గాబాపెంటిన్ అనే నరాల మందు వేస్తున్నాం. మోతాదు ఇక్కడ రాయను, చదివి ఎవరైనా వేసేస్తారు.

ఖర్చు సంగతి అడగకండి. పాత లాగ్ బుక్‌లో తేదీ, టైము, ఎన్ని సెకన్లు, అంతకుముందు ఏం జరిగింది అని రాసి పెట్టడం మాత్రం ఖర్చు లేని పని. బోనాలప్పుడు మా సందులో డప్పులు మోగిన ఆదివారం ఒక్కరోజే నాలుగుసార్లు వచ్చినట్టు ఆ పుస్తకం వల్లే పట్టుకున్నాం. వినాయక చవితికి డీజే పెట్టిన రోజుల్లో దాన్ని లోపలి గదిలోనే ఉంచాం.

మీ శీర్షికలో రాసిన ఆ తల్లికి ఈ మాట చేరేయండి. ఈసారి వచ్చినప్పుడు ముట్టుకోకుండా, తోక కూడా కనబడేటట్టు దూరం నుంచి వీడియో తీయమనండి. అది తీసుకుని డాక్టరు దగ్గరికి పొమ్మనండి. ఫ్యూజుకు మొన్న పదకొండు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది, ఇరవై సెకన్లు. అంతకుముందు ఏం జరిగిందో రాసే గడి ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్,
ముషీరాబాద్, హైదరాబాద్