పదకొండో తరగతి ఫారంలో ఖాళీగా వదిలిన గడి: ఇంగ్లిష్ కోర్ తీసుకోవాలా, ఎలెక్టివ్ తీసుకోవాలా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. పిల్లలు కాస్త ఊపిరి పీల్చుకుంటున్నారు. మీకు మాత్రం ఇప్పుడే అసలు టెన్షన్ మొదలైంది. ఎంపీసీయా, బైపీసీయా, కామర్సా? వారం రోజులుగా నా గదికి వచ్చిన ప్రతి అమ్మా, ప్రతి నాన్నా ఈ మాటతోనే మొదలుపెడుతున్నారు. అదే ఫారంలో, గ్రూపు కంటే పైన, మొదటి వరసలో ఇంగ్లిష్ అని ఒక గడి ఉంది. దాంట్లో కోడ్ నంబరు రాయాలి. 301 అంటే ఇంగ్లిష్ కోర్, 001 అంటే ఇంగ్లిష్ ఎలెక్టివ్. ఇన్నేళ్లూ ఆ గడిలో 301 అని మేమే అచ్చు వేయించి ఇచ్చేవాళ్లం. ఈ ఏడాది ఖాళీగా వదిలాం. ఎందుకు వదిలామో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొన్న ఒక నాన్నగారు, "మేడమ్, ఉన్న సబ్జెక్టులకే మావాడికి నిద్ర ఉండట్లేదు, మళ్లీ ఇంకో ఇంగ్లిష్ ఎందుకు?" అని అడిగారు. ఆ అనుమానం ఇంకా చాలామందికి ఉంది కాబట్టి ముందు అదే తీరుస్తాను. ఎలెక్టివ్ అదనపు సబ్జెక్టు కాదు, కోర్‌కు బదులుగా తీసుకునేది. ఒకే భాషను కోర్‌గానూ ఎలెక్టివ్‌గానూ తీసుకోవడానికి సీబీఎస్ఈ ఒప్పుకోదు. ఏది తీసుకున్నా భాష స్థానంలో ఒక్క ఇంగ్లిషే ఉంటుంది. ఎంపీసీ వాళ్లయితే దాని తర్వాత మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఐదోదిగా కంప్యూటర్ సైన్సో ఫిజికల్ ఎడ్యుకేషనో. తెలుగు కావాలన్న పిల్లలు ఆ ఐదోదాని స్థానంలో తెలుగు తీసుకోవచ్చు. మన తెలంగాణ తెలుగు కోడ్ 089.

మరి తేడా ఎక్కడుంది? కోర్‌లో పిల్లలు ఇప్పటిదాకా పదకొండులో హార్న్‌బిల్, స్నాప్‌షాట్స్, పన్నెండులో ఫ్లెమింగో, విస్టాస్ అనే పాఠ్యపుస్తకాలు చదువుతున్నారు. పాఠాలు చిన్నవి, భాష తేలిక. నోటీసు రాయడం, ఆహ్వానపత్రం, ఉద్యోగానికి దరఖాస్తు, పత్రికా సంపాదకుడికి లేఖ లాంటివి పరీక్షలో గట్టిగా అడుగుతారు. ఇవన్నీ జీవితానికి పనికొచ్చేవే. వీటిని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎలెక్టివ్‌కు పదకొండులో వోవెన్ వర్డ్స్, పన్నెండులో కలైడోస్కోప్. వీటిలో కథలు, కవితలు, వ్యాసాలు ఉంటాయి. పన్నెండులో నాటకాలు కూడా. టాగోర్ 'చండాలిక' ఉంది, గిరీశ్ కర్నాడ్ నాటకం ఉంది, అమర్త్య సేన్ వ్యాసం ఉంది. వీటికి తోడు ఒక నవల మొత్తం చదవాలి. కమలా దాస్ కవితలు రెండు కోర్సుల్లోనూ ఉన్నాయి. కోర్‌లో ఉన్నది ముసలితనం మీద పడుతున్న అమ్మ గురించి ఒక పేజీ దాటని చిన్న కవిత, ఎలెక్టివ్‌లో ఉన్నది ఒక పాత ఇంటి గురించి, వంశం గురించి సాగే పొడవాటి కవిత. రెండు పుస్తకాల్లోనూ ఆ రెండు కవితలూ తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. నేను నాలుగు పేజీల్లో చెప్పలేని తేడా మీకు అక్కడ కనబడుతుంది. పుస్తకాలు మారితే జూన్‌లో కొత్తవాటి పేర్లు పంపిస్తాం.

ఎలెక్టివ్ ఎలా ఉంటుందో చూడటానికి ఫిబ్రవరిలో పదో తరగతి పిల్లలకు నేనే ఒక క్లాసు తీసుకున్నాను. వోవెన్ వర్డ్స్‌లో రష్యన్ రచయిత చెహోవ్ రాసిన ఒక కథ ఉంది. మంచు కురుస్తున్న ఊళ్లో గుర్రపుబండి తోలుకునే ఒక ముసలాయన. ఆ వారమే కొడుకు చనిపోయాడు. బండెక్కినవాళ్లకల్లా ఆ సంగతి చెప్పబోతాడు, ఎవరూ వినరు. చివరికి రాత్రి గుర్రపుశాలలో గుర్రానికి గడ్డి వేస్తూ దానికే అంతా చెప్పుకుంటాడు. కథ అయ్యాక క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా ప్రశ్నలు వేయకుండా ఊరుకున్నాను. కాసేపటికి వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "మేడమ్, మా నాన్న రాత్రి ఇంటికి రాగానే అన్నం తినడు. ముందు ఆటో తుడుస్తాడు. తుడుస్తూ దాంతో ఏదో మాట్లాడతాడు" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. దాన్నే ఇంగ్లిష్‌లో రాయమన్నాను. పావుగంటలో ఐదు వాక్యాలు రాశాడు. రెండుచోట్ల టెన్స్ తప్పు. ఒకచోట తుడవడానికి స్పెల్లింగ్ తెలియక 'వైపింగ్' అని తెలుగు లిపిలోనే రాసేశాడు. ఆ కాగితం నా టేబుల్ సొరుగులో ఉంది. అంతకుముందు రెండేళ్లలో ఆ అబ్బాయి ఇంగ్లిష్ పేపర్లో తనంతట తాను రాసిన వాక్యం నేను ఒక్కటి కూడా చూడలేదు. గైడ్‌లో ఉన్నది బట్టీపట్టి దించేవాడు, మార్కులు కూడా బాగానే వచ్చేవి.

ఎలెక్టివ్‌లో జరిగే పని అదే. చదివినదాన్ని పట్టుకుని తన మాట తాను వెతుక్కోవాలి. ముందెన్నడూ చూడని కవిత ఇచ్చి ఏమర్థమైందో రాయమంటారు. దానికి గైడ్ పనికిరాదు. అసలు మన ఊరి పుస్తకాల షాపుల్లో కోర్ గైడ్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, ఎలెక్టివ్‌కు వెతుక్కోవాల్సిందే. ట్యూషన్ చెప్పేవాళ్లు కూడా తక్కువ. ఇది మీకు ముందే తెలియాలి.

మార్కుల సంగతికి వస్తాను. "కోర్ స్కోరింగ్, ఎలెక్టివ్ రిస్క్" అనే మాట మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు, పన్నెండో తరగతిలో 75 శాతం ఉండాలి (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65), లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఆ లెక్కలోకి తీసుకునే ఐదు సబ్జెక్టుల్లో ఒక భాష ఉంటుంది. కోర్ అయినా ఎలెక్టివ్ అయినా అక్కడ భాషే. నీట్ రాసేవాళ్లు ఇంగ్లిష్‌లో పాసై ఉండాలి, దానికీ రెండూ సరిపోతాయి. కాబట్టి కోడ్ మారినంత మాత్రాన ఏ తలుపూ మూసుకుపోదు. కానీ ఉదయం ఆరింటికి కోచింగ్‌కు వెళ్లి రాత్రి తొమ్మిదింటికి తిరిగొచ్చే పిల్లలకు నవల చదివే తీరిక ఉండదు. వాళ్లకు కోర్ చాలు. ఈ మాట ఏ మొహమాటమూ లేకుండా చెబుతున్నాను. మన బడిలో ఎక్కువమందికి కోరే సరైనది.

లా వైపు చూసే పిల్లల విషయం వేరు. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీకైనా విశాఖ దగ్గరి దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకైనా క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో 120 ప్రశ్నలు, ఇంగ్లిష్‌కే 22 నుంచి 26 దాకా. మిగతా సెక్షన్లు కూడా పొడవాటి పేరాలు చదివి జవాబు చెప్పేవే. సైన్యంలో ఆఫీసర్లు కావాలనుకునేవాళ్లు రాసే ఎన్‌డీఏ పరీక్ష జనరల్ ఎబిలిటీ పేపర్‌లో 600 మార్కులకు 200 ఇంగ్లిష్‌వే. జర్నలిజం, అనువాదం, టీచింగ్ అనుకునేవాళ్లకు హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది. ఇంగ్లిష్ కోసమే 1958లో మొదలైన సంస్థ అది, ఇప్పుడు సెంట్రల్ యూనివర్సిటీ. ఎలెక్టివ్ చదివితే ఇవన్నీ వచ్చేస్తాయని నేను చెప్పను. రోజూ ఇరవై పేజీలు చదవడం అలవాటైన పిల్లలకు పరీక్ష హాల్లో కంగారు తక్కువ ఉంటుంది. అంతవరకు నా కళ్లతో చూశాను.

ఇంకో ప్రశ్న నన్ను చాలామంది అమ్మలు అడుగుతున్నారు: "ఎలెక్టివ్ తీసుకుంటే ఫ్లూయెంట్‌గా మాట్లాడతాడా?" అలా ఆశపడి మాత్రం తీసుకోకండి. మాట్లాడితేనే మాట్లాడటం వస్తుంది. దానికోసం శనివారం మధ్యాహ్నం క్లాసు ఉంది, కోర్ పిల్లలకూ ఎలెక్టివ్ పిల్లలకూ కలిపే నడుపుతాం.

ఇక నన్ను చాలా ఏళ్లుగా బాధపెట్టే విషయం ఒకటి చెప్పాలి. ఇక్కడికి రాకముందు నేను పనిచేసిన బడిలో రెండు ఇంగ్లిష్‌లూ ఉండేవి. ఒకమ్మాయి ఉండేది, నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. ఆ అమ్మాయి రఫ్ నోట్సు వెనక పేజీల్లో ఎప్పుడూ ఏదో ఒకటి రాసుకునేది. బస్సులో విన్న మాటలు, వాళ్ల నాయనమ్మ సామెతలు, వాటికి తానే చేసుకున్న ఇంగ్లిష్. ఫారం నింపే రోజు వాళ్ల నాన్న నన్ను అడిగారు. "కోర్ పెట్టించండి, మార్కులు ఖాయం" అన్నాను. పక్కనే నిలబడిన అమ్మాయిని నువ్వేం చదవాలనుకుంటున్నావమ్మా అని ఒక్క మాట కూడా అడగలేదు. మార్కులు వచ్చాయి, నేను అన్నట్టే. పన్నెండో తరగతి చివర్లో ఏదో పని మీద ఆ అమ్మాయి రఫ్ నోట్సు చేతికొస్తే వెనక్కి తిప్పి చూశాను. వెనక పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. అందుకు కోర్సు ఒక్కటే కారణమని చెప్పలేను. కానీ అడగాల్సిన మనిషిని నేను అడగలేదు. ఈసారి గడి ఖాళీగా వదలడానికి అది కూడా ఒక కారణం.

మీ ఇంట్లో ఎలా తేల్చుకోవాలంటే, ఈ పుస్తకాలన్నీ, వాటిని ప్రచురించే ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో దించుకోండి, లేదంటే మా లైబ్రరీలో తీసుకెళ్లండి. హార్న్‌బిల్, వోవెన్ వర్డ్స్ రెండూ పిల్లల చేతికిచ్చి ఒక వారం ఏమీ అనకండి. చదివావా, ఎన్ని పేజీలైంది అని వెంటపడొద్దు. వారం తర్వాత ఏ పుస్తకం గురించి వాళ్లంతట వాళ్లే మాట ఎత్తారో గమనించండి. ఏదీ ఎత్తకపోతే కోర్ తీసుకోండి, అందులో తప్పేం లేదు. కథ సగంలో వదిలేసి "అర్థం కాలేదు, కానీ తర్వాత ఏమవుతుందో" అన్న పిల్లల్ని మాత్రం నా దగ్గరికి తీసుకురండి. పదాలు తెలియకపోవడం పెద్ద సమస్య కాదు. తెలుగు మీడియం నుంచి ఎనిమిదిలో మన బడికి మారిన పిల్లలు కూడా ఎలెక్టివ్ చదవగలరు, ఆ భయంతో వెనక్కి తగ్గకండి. ఇంట్లో పెద్దవాళ్లు కథలు చెప్పిన పిల్లలకు కథ ఎటు పోతోందో తొందరగా తెలుస్తుంది, భాష ఏదైనా సరే.

ఒక జాగ్రత్త. పదకొండు, పన్నెండు కలిపి రెండేళ్ల కోర్సు. మధ్యలో సబ్జెక్టు మార్చుకోవడం బోర్డు దగ్గర చాలా కష్టం. "పన్నెండులో చూసుకుందాం" అని ఇప్పుడు ఏదో ఒకటి రాయకండి. మనసు మారితే పదకొండో తరగతి మొదటి నెలలోనే మాకు చెప్పండి. ఈ ఏడాది ఎలెక్టివ్‌కు ఒక్క సెక్షనే, ఇరవై మందికి మించి తీసుకోం. ప్రతి నోట్‌బుక్కూ వారంవారం టీచర్ చదవాలంటే అంతకంటే ఎక్కువమంది కుదరదు. ఇరవై దాటితే మార్కుల లెక్కన తీసేయం, పిల్లలతో కూర్చుని మాట్లాడి నిర్ణయిస్తాం.

సెలవుల్లో కూడా లైబ్రరీ సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా తెరిచే ఉంటుంది. ఆ మూడు రోజులూ నేను అక్కడే ఉంటాను, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. ఫారం నింపేటప్పుడు గ్రూపు, చిరునామా, ఫోన్ నంబరు మీరు రాసినా పర్వాలేదు. ఇంగ్లిష్ గడిలో అంకెలు మాత్రం మీ అబ్బాయో అమ్మాయో తమ చేత్తో రాయాలి. మీరు కింద సంతకం పెట్టి పంపండి.

ఇట్లు
మీ ప్రిన్సిపాల్