తెలుగు సంఘం కార్యదర్శి వార్షిక నివేదిక, 2025: కింగ్‌స్టన్, జమైకా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, ఆదివారం తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. పూలు సేకరించి తెచ్చిన మాండవిల్ ఆడపడుచులకి, మైకు ఇచ్చిన హాఫ్ వే ట్రీ దుకాణదారుగారికి, వడ్డనకి నిలబడ్డ కుర్రాళ్ళకి కృతజ్ఞతలు. అవన్నీ మీరు చూసినవే కాబట్టి మన సంఘం పత్రిక సంగతికి వస్తాను.

మన జమైకా ప్రత్యేక సంచిక మే 10న విడుదలైంది. 1845లో అదే రోజున బ్లండెల్ హంటర్ అనే ఓడ మొదటి విడత భారతీయ కూలీలని ఓల్డ్ హార్బర్ బేలో దించింది. అంటే సరిగ్గా 180 ఏళ్ళు. ఇక్కడ పుట్టి టొరంటోకో, లండన్‌కో, హైదరాబాదుకో వెళ్ళిపోయిన మన పిల్లల కోసం వేసిన సంచిక ఇది. వాళ్ళకి గుంటూరు ఎంత దూరమో కింగ్‌స్టన్ కూడా ఇప్పుడు అంతే దూరం.

విడుదల సభ హాలుకి మూడు వారాల ముందే డబ్బు కట్టి రసీదు తీసుకున్నాం. తీరా ఆ రోజు తాళంచెవి ఉన్న అధికారి రాలేదు, ఫోనూ ఎత్తలేదు. గంటన్నర ఎండలో నిలబడి, చివరికి ఎదురుగా ఉన్న మామిడిచెట్టు కింద బల్లలు వేసుకున్నాం. ఆ డబ్బు కోసం రెండు ఉత్తరాలు రాశాను. ఈ రోజు వరకు జవాబు లేదు.

అయినా అంత మంచి సభ మనకి ఇంతవరకు జరగలేదు. క్లారెండన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. ఆవిడ ముత్తాత మద్రాసులో ఓడెక్కాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. తెలుగు ఒక్క ముక్క రాదు. పెద్ద గిన్నెతో సారెల్ తెచ్చారు. ఎర్రటి రేకల్ని అల్లం, పిమెంటో అనే మసాలా గింజలు వేసి మరిగించి, రాత్రంతా నాననిచ్చి వడకట్టిన పానీయం అది. క్రిస్మస్‌కి ఇక్కడ అది లేని ఇల్లు ఉండదు. ఆ రేకలు మన ఎర్ర గోంగూర మొక్కవే, పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలేవి. మన వంటవాళ్ళు గోంగూర పచ్చడి, నెయ్యి వేసి అన్నం కలిపి ఆవిడ చేతిలో ముద్ద పెట్టారు. నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్ళూ రేకలు మేం ఉంచుకుని ఆకు మేకలకి వేశాం" అన్నారు. ఇంకో ముద్ద అడిగారు. వచ్చే సంచిక ముఖచిత్రం ఆ ఫోటోనే, ఇందులో చర్చ లేదు.

సంచికలో మే పెన్ టీచరమ్మగారు గుంగో పీస్ అన్నం గురించి రాశారు. పచ్చి కందులు, బియ్యం, కొబ్బరిపాలు, అంతే. ఇక్కడి జనం ఇంట్లో మాట్లాడే పాట్వా భాషని వేదికెక్కించిన కవయిత్రి లూయీజ్ బెన్నెట్ (అందరూ పిలిచే పేరు మిస్ లూ) మీద వ్యాసం పిల్లలే రాశారు. ఆవిడ చివరి రోజులు గడిపిందీ టొరంటోలోనే, 2006లో కన్నుమూసిందీ అక్కడే. ఇంటి భాషని చిన్నచూపు చూడొద్దని మనం పిల్లలకి వంద సార్లు చెప్పాం. ఆవిడ కవితలు చదివాక కానీ వాళ్ళకి ఎక్కలేదు. ఇక్కడ కూర వండుకునే ఆకీ కాయ చెట్టు మీద దానంతట అదే విచ్చుకోక ముందు కోస్తే విషమని రాసిన పేజీని కొత్తగా వచ్చిన కుటుంబాలు తప్పక చదవాలి.

డిసెంబరు సంచిక రాలేదు. అక్టోబరు 28న మెలిస్సా తుఫాను వెస్ట్‌మోర్‌లాండ్ దగ్గర తీరం దాటింది. బ్లాక్ రివర్ ఊరు ఎలా అయిపోయిందో చూశారు. కార్యవర్గం ముద్రణ డబ్బుతో టార్పాలిన్లు, బియ్యం, మంచినీళ్ళు కొని పంపింది. ఆ నిర్ణయానికి బాధ్యత నాది, మళ్ళీ అవసరమైతే మళ్ళీ అదే చేస్తాను. లారీ ఇచ్చిన మాంటెగో బే మిత్రుడికి సంఘం రుణపడి ఉంది.

ఒక్క మాట బాధతోనే రాస్తున్నాను. లారీకి సరుకు ఎక్కించడానికి వస్తామని వాట్సాప్‌లో చెయ్యెత్తిన వాళ్ళు నలభై మంది. తెల్లవారుజామున అక్కడ కనిపించింది ఏడుగురు. అందులో ఇద్దరు డెబ్భై దాటినవాళ్ళు. సంచిక ప్రూఫులు కూడా ముగ్గురమే మూడు రాత్రులు దిద్దాం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు జతచేశారు. చందాలు, ప్రకటనలు కలిపి ముద్రణకి సరిపోయాయి, పోస్టేజీకి మాత్రం నిల్వలోంచి తీశాం. మిగతాది పట్టికలో చూసుకోగలరు.

ఆగిపోయిన సంచిక మే 10కి తేవాలని సంకల్పం. రచనలు మార్చి నెలాఖరులోగా నాకు చేర్చండి. ప్రూఫులు దిద్దడానికి ఇద్దరు కావాలి. ఈ సమావేశంలోనే పేర్లు రాసుకుంటాను.

ఇట్లు,
కార్యదర్శి