మహేంద్రగిరి నడకకు హ్యామాక్ తెచ్చేవాళ్లకు

అందరికీ నమస్కారమండి. హ్యామాక్‌కి, అంటే రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే ఊయలకి, గుడ్డ ఏ కంపెనీది కొనాలని అందరూ అడుగుతున్నారు గానీ, రాత్రంతా మనల్ని మోసేవి చెట్టుకు కట్టే పట్టీలు, తాళ్లు. సంచి బరువు తగ్గేదీ అక్కడే.

చెట్టు చుట్టూ కనీసం అంగుళం వెడల్పున్న పాలిస్టర్ పట్టీ వేయండి. సన్న తాడు నేరుగా చుడితే బెరడులోకి దిగిపోతుంది. మందస దారిలో మనల్ని జీడితోటలో ఉండనిచ్చే రైతు ఆ గాటు చూస్తే మళ్లీ రానిస్తాడా? శ్రీకాకుళం బజారులో నైలాన్ నవారు చవగ్గానే దొరుకుతుంది, కానీ నైలాన్ బరువుకు సాగుతుంది, తడిస్తే మరీను. మంచం ఎత్తులో పడుకున్నవాళ్లు తెల్లారేసరికి నేలకు తగులుతారు.

పట్టీ నుంచి ఊయలకు మాత్రం వూపీ స్లింగ్ (పొడవు మార్చుకోగలిగే తాడు) తీసుకోండి. అది డైనీమా అనే తేలికైన, గట్టి ప్లాస్టిక్ పీచుతో అల్లిన తాడు, మందం 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, 600 కిలోల పైన లాగితే గానీ తెగదు. తాడు లోపల బోలుగా ఉంటుంది, కొస అందులోకే దూరి బయటికి వస్తుంది. బరువు పడగానే బిగుస్తుంది, వదిలితే పొడవు మార్చుకోవచ్చు. విడి తాడు కొని ముడులు వేయకండి, డైనీమా నున్నన, మామూలు ముడి జారిపోతుంది. వరుసగా కుట్టిన లూపుల పట్టీలు సులువే, కళింగపట్నం బీచ్‌లో ఒక పూటకు చాలు, కొండెక్కడానికి బరువు.

ఊయలను బిగుతుగా లాగి కట్టొద్దు. 70 కిలోల మనిషికి తాడు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో పక్క 70 కిలోల లాగుడు. 15 డిగ్రీలైతే 135.

స్లింగ్ కావాల్సినవాళ్లు ఇక్కడే చెప్పండి, కలిపి ఆర్డర్ పెడదాం.