శ్రీలంక యాత్రలో చెరువు కట్టకూ ఒక రోజు కావాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన శ్రీలంక యాత్రా వ్యాసం చదివాను. కొలంబో, కాండీ, నువర ఎలియ, సిగిరియ, చివరికి బెంటోట సముద్రతీరం అంటూ వ్యాసకర్త చూపించిన దారిని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌ల నుంచి బృందాలను తీసుకెళ్లే ట్రావెల్స్ కరపత్రాల్లో కూడా పొల్లుపోకుండా ఇదే దారి ఉంటుంది. ఆ దారిన వెళ్లివచ్చినవారికి అక్కడి హోటళ్లు, రత్నాల దుకాణాలు, సుగంధ ద్రవ్యాల తోటలు గుర్తుంటాయి గాని, అక్కడి రైతు ఏ నీళ్లతో వరి పండిస్తాడో, ఆ ఇంట్లో పొద్దున్నే ఏం తింటారో తెలియకుండానే తిరుగు విమానం ఎక్కాల్సి వస్తుంది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాడిని కనుక నా చూపు ముందుగా చెరువుల మీదికే పోతుంది. ఆ పక్షపాతాన్ని పాఠకులు మన్నించాలి.

శ్రీలంక అనగానే మనకు కొబ్బరిచెట్లు, ఎడతెగని వానలు గుర్తుకొస్తాయి. అది ఆ దేశపు నైరుతి మూలకు వర్తించే మాట. అనురాధపురం, పొలొన్నరువ ఉన్న ప్రాంతంలో వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో కొద్ది నెలల్లోనే కురిసి పోతుంది. మిగిలిన ఏడాదికి నిలవ చేసుకున్న నీళ్లే దిక్కు. అందుకే అక్కడివారు రెండు వేల ఏళ్లుగా ఒకదాని కింద ఒకటిగా చెరువులు కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు అలుగు దుంకితే కింది చెరువు నిండుతుంది, పై పొలాల్లో పారగా మిగిలిన నీళ్లు కూడా కిందికే చేరతాయి. గొలుసుకట్టు చెరువులను చూస్తూ పెరిగిన పాలమూరు, నల్లగొండ రైతుకు ఇది ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. అయితే చూసి రావలసిన ఏర్పాట్లు ఇంకా ఉన్నాయి. గాలి తాకిడిని, ఆవిరయ్యే నీటిని తగ్గించడానికి చెరువు ఎగువ అంచున చెట్లను కాపాడుకుంటారు. పూడిక పెద్ద చెరువులోకి దిగకుండా పైన చిన్న కుంటలు ఉంచుతారు. కట్టకూ పొలానికీ మధ్య కొంత మేర సాగు చేయకుండా చెట్టూచేమా పెరగనిచ్చి, ఊట నీటిలోని ఉప్పు పొలానికి చేరకుండా చూసుకుంటారు.

వీటన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది బెత్మ అనే పద్ధతి. చెరువు సగమే నిండిన పంట కారులో, ఉన్న నీళ్లు ఎంత భూమికి సరిపోతాయో రైతులు ముందుగానే కూర్చొని లెక్క కట్టుకుంటారు. కట్టకు దగ్గరగా ఉన్న పొలాలను మాత్రమే ఆ కారుకు సాగులో ఉంచి, వాటినే ఆయకట్టు రైతులందరూ తాత్కాలికంగా పంచుకొని దున్నుకుంటారు. తూము పక్కన పొలం ఉన్న రైతు తన మడిలో ఇతరులకు చోటిస్తాడు, చివరి మడి రైతూ నాలుగు గింజలు ఇంటికి తెచ్చుకుంటాడు. కాల్వ చివరి భూములకు నీళ్లందక జరిగే తగవుల మధ్యే ఉద్యోగకాలమంతా గడిపిన నాకు, ఈ సంగతిని ఒక రైతు నోట కట్ట మీద నిలబడి వినడం సిగిరియ బండ ఎక్కడం కన్నా విలువైనదిగా తోచింది. ఈ చెరువుల వ్యవస్థను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థల్లో ఒకటిగా గుర్తించింది. అయినా మన కరపత్రాల్లో దానికి ఒక్క పంక్తి లేదు.

సిగిరియ మాట వచ్చింది కనుక ఇదీ చెప్పాలి. ఆ బండ మీద కోట కట్టినవాడు 5వ శతాబ్దపు కాశ్యపుడు. అతని తండ్రి ధాతుసేనుడు కలా వెవ అనే మహా తటాకాన్ని కట్టించిన రాజు. తండ్రిని చెరలో పెట్టి గద్దెనెక్కిన కొడుకు దాచిన ధనం చూపమని నిర్బంధిస్తే, ధాతుసేనుడు కలా వెవ దగ్గరికి వెళ్లి, అందులో స్నానం చేసి, దోసిట నీళ్లు తీసి తనకున్న ధనమంతా ఇదేనన్నాడని శ్రీలంక పాత చరిత్ర గ్రంథం చూళవంశం చెబుతుంది. కొడుకు కోట ముందు బస్సులు బారులు తీరతాయి; తండ్రి చెరువు దగ్గర మాత్రం మా బస్సు ఆగలేదు. బృందమంతా దంబుల్లలో కొనుగోళ్లకు పోయిన రోజున నేనూ మరో మిత్రుడూ కెకిరావ వెళ్లే మామూలు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో అటు వెళ్లాం. ఆ బస్సుల్లో ముందు సీటు భిక్షువులకు కేటాయించి ఉంటుంది. ఖాళీగా ఉందని కూర్చున్నా, భిక్షువు ఎక్కగానే ఎవరూ చెప్పకుండానే లేవాలి. కలా వెవ నుంచి అనురాధపురంలోని తిస్స వెవ దాకా పారే పాత కాలువ పొడవు దాదాపు 87 కిలోమీటర్లు. అందులో మొదటి 17 మైళ్లలో వాలు మైలుకు ఆరు అంగుళాలే. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలింగ్ పని చేసినవారెవరైనా ఈ అంకె వినగానే ఒక్క క్షణం ఆగుతారు.

ఆ చెరువుకు దగ్గరలోనే అవుకన బుద్ధుడు నిలబడి ఉన్నాడు. కొండరాతిలో చెక్కిన, నలభై అడుగులు దాటిన ఆ విగ్రహం నకలును నాగార్జునసాగర్‌లో 2022లో ప్రారంభమైన బుద్ధవనంలో మన జిల్లా వాళ్లు చాలామంది చూసే ఉంటారు. మన ప్రాంతానికీ ఆ ద్వీపానికీ ఉన్న సంబంధం ఆ నకలుతో మొదలైంది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనం ఒకటి, బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిందని చెబుతుంది. అక్కడ సీహళ విహారం ఉండేదని కూడా అందులోనే ఉంది. ఆ శాసనం లెక్కించిన ఆమె దానాల్లో ఒక తటాకం ఉండడం నాకు ప్రత్యేకంగా సంతోషం కలిగించే విషయం. ఇటువంటి సంగతులు తెలిసిన గైడును అడిగి పెట్టించుకోవడం పెద్ద ఖర్చు కాదు.

హబరణ దగ్గర హిరివడున్న వంటి చోట్ల పల్లె విహారం పేరుతో సగం పూట కార్యక్రమం అమ్ముతున్నారు. ఎడ్లబండి మీద కొంత దూరం, చెరువులో పడవ మీద కొంత దూరం తీసుకెళ్లి, పూరింట్లో భోజనం పెడతారు. ఇదంతా టూరిస్టుల కోసం కట్టిన నాటకమని మా బృందంలోనే ఒకరు చప్పరించారు. నాటకం పాలు ఉన్నమాట నిజమే, పడవలో తలకు తామరాకు టోపీ పెట్టడం ఫొటో కోసమే. కానీ పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలు తైదలను (రాగులను) ఇసుర్రాయిలో విసిరి, తురుము పీట మీద కొబ్బరి కోరి, ఆ పిండిలో కలిపి రొట్టె తట్టి, మట్టి పెంకు మీద కాల్చిన తీరులో నాటకం లేదు. ఆ చేతులకు అది రోజువారీ పని. పక్కన పెట్టిన కారం రోట్లో నూరినది, కొబ్బరి, ఎండుమిర్చి, ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిసినది. దానిలో సాధారణంగా ఎండుచేప పొడి వేస్తారు కనుక శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి. డబ్బు ఏజెంటుకు కాకుండా ఆ ఇంటికే చేరేలా చూసుకుంటే, కొంత నాటకం ఉన్నా నాకు అభ్యంతరం లేదు. 2022 ఆర్థిక సంక్షోభంలో ఆ పల్లెలు పడిన కష్టం ప్రపంచమంతా చూసిందే. ప్రభుత్వ పర్యాటక సంస్థ దగ్గర నమోదైన హోమ్‌స్టేలు కూడా ఉన్నాయి.

మా వెంట ఇక్కడి నుంచే వంటమనిషి వచ్చాడు. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు అది సౌకర్యమే, కాదనను. అయినా రోజులో ఒక్క పూటైనా ఆకుకూరల రసంతో కాచిన కొల కెంద అనే గంజి, ఇడియాప్పం, మట్టి ముంతలో తోడుపెట్టిన గేదె పెరుగు మీద జీలుగు పాకం రుచి చూడకుండా ఆ దేశం చూశామనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

పౌర్ణమి నాడు అక్కడ సెలవు. ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు. మే నెలలో వచ్చే వెసక్ (బుద్ధ పౌర్ణమి) పండుగకు వెళ్తే ఊరూరా రోడ్డు పక్కన దన్సల అనే ఉచిత భోజనశాలలు వెలుస్తాయి. దారిన పోయే వాహనాలను ఆపి మరీ అన్నమో, టీయో ఇస్తారు. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం మాత్రం అక్కడ పెద్ద అపచారం. ఈ ఒక్క విషయాన్నైనా ట్రావెల్స్ వాళ్లు విమానం ఎక్కకముందే చెప్పాలి.

తెలుగు మాతృభాషగా గల అహికుంటికులు అనే సంచార జాతివారు అక్కడ ఉన్నారు. పాములు, కోతులు ఆడించి, చేయి చూసి బతికిన ఆ కుటుంబాలు కొన్ని అనురాధపురం జిల్లా కుడాగమ వంటి ఊళ్లలో స్థిరపడ్డాయి. మన భాష విన్న ఉత్సాహంలో వారిని వింత వస్తువుల్లా చుట్టుముట్టి వీడియోలు తీయడం మర్యాద కాదు. కలిస్తే కుశలం అడిగి, వారు అమ్మేది ఏదైనా ఉంటే కొని, అనుమతితోనే ఫొటో తీయాలి.

కనుక మీ అనుబంధంలో మళ్లీ శ్రీలంక గురించి రాయించేటప్పుడు ఆ ఏడాది పౌర్ణమి సెలవులను, దంబుల్ల నుంచి కెకిరావ, అనురాధపురం బస్సు మార్గాలను, నమోదైన హోమ్‌స్టేల వివరాలు దొరికే చోటును కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మన జిల్లాల ట్రావెల్స్ నిర్వాహకులకు నా మనవి ఒక్కటే: కార్యక్రమంలో ఒక రోజు కలా వెవ కట్టకూ, ఆ చుట్టుపక్కల ఒక పల్లెకూ కేటాయించండి. రత్నాల దుకాణానికి, సుగంధ ద్రవ్యాల తోటకు ఇస్తున్న రెండు పూటలను ఇటు మళ్లిస్తే యాత్ర రోజులు పెంచవలసిన అవసరం కూడా ఉండదు.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా.