కర్రోణ్ణి పంపించాక మాకు తోడు నిలిచినవాళ్లకు

మా కుక్క కర్రోణ్ణి వేరే ఇంటికి పంపించాక నన్నూ, మా నాన్ననూ మళ్లీ మనుషుల్లో పడేసినవాళ్లు కొందరున్నారు. వాళ్లకు అందరి ముందూ దండం పెట్టుకోవాలని ఈ నాలుగు మాటలు. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలుస్తుంది.

కర్రోడు నాటు కుక్క. నల్లగా ఉంటాడని ఆ పేరు. వానలో కాలవ పక్కన కూనగా దొరికితే నాన్నే తెచ్చి పెంచారు. పోయిన చలికాలం ఆయనకు ఆయాసం బాగా ఎక్కువైంది. ఇక్కడే విజయనగరంలో డాక్టరుగారు పరీక్షలు చేయించి, కుక్క వల్ల వచ్చే అలర్జీ అని తేల్చారు. ఇల్లు రోజూ ఊడ్చి తుడుచుకుంటే సరిపోతుందేమో అనుకున్నాం. కానీ అలర్జీ తెచ్చేది ఉత్త వెంట్రుకలు కాదట. చర్మం నుంచి రాలే పొట్టులో, లాలాజలంలో ఉండే ప్రొటీన్లట. పెరట్లో కట్టాం, నాన్న గదిలోకి రానివ్వలేదు, స్నానాలు పెంచాం. అయినా అర్ధరాత్రి ఇన్‌హేలర్ పట్టుకుని మంచం మీద ముందుకు వంగి కూర్చున్న నాన్నను చూశాక ఇంక వేరే దారి కనబడలేదు.

గరివిడి దగ్గర పల్లెలో ఉన్న ఆ కుటుంబానికి మొదటి దండం. మీరు వెంటనే తీసుకెళ్లిపోలేదు. ముందు వచ్చి వాడి పక్కన కూర్చున్నారు, మీ పిల్లల చేత అన్నం పెట్టించారు, వాడు తోక ఊపాకే అడిగారు. "మీకేటి బెంగొద్దమ్మా, మా పిల్లల్తో కలిసిపోతాడు" అన్న మీ మాట పట్టుకునే ఆ రాత్రి గడిపాం. టీకాల కార్డు సరిచూసి ఇచ్చిన పశువుల డాక్టరుగారికీ రుణపడి ఉన్నాం. వాడు పడుకునే గోనెపట్టా ఉతక్కుండా అలాగే పంపించమన్నది ఆయనే. కొత్త చోట తెలిసిన వాసన ఉంటే కుక్కకు ధైర్యంగా ఉంటుందట. కొన్నాళ్లు చూడ్డానికి వెళ్లొద్దని కూడా చెప్పారు. అది పాటించడం మాత్రం చాలా కష్టమైంది.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. ఎవరు పలకరించినా "బాధగా ఉంది" అనేదాన్ని. "చచ్చిపోలేదు కదా, ఎక్కడో అక్కడ సుఖంగానే ఉన్నాడు కదా" అనేవారు. నిజమే కదా, మరి నాకెందుకిలా ఉంది అని నాలో నేనే నలిగిపోయేదాన్ని.

వెనకింటి టీచరుగారు, వాళ్ల కోడలు లేకపోతే నేను అక్కడే ఉండిపోయేదాన్ని. టీచరుగారు రోజూ సాయంత్రం పిలిచి టీ ఇచ్చేవారు. "బాధ సరేనమ్మా, ఆ బాధలో ఏటేటి ఉన్నాయో ఒక్కోటీ చెప్పు" అనేవారు. తొందరపెట్టేవారు కాదు. సైకాలజీ చదివిన ఆవిడ కోడలు, పాలీన్ బాస్ అనే అమెరికా ఆవిడ గురించి చెప్పింది. 1970లలో ఆవిడ, యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ, ఉన్నారనీ లేరనీ తేలని దుఃఖం గురించి రాశారట. వాళ్ల కష్టంతో నాది పోల్చుకోవడం లేదు. కానీ ప్రాణంతో ఉన్నవాళ్ల కోసం కూడా ఏడవొచ్చని తెలిశాక, ఎన్నాళ్ల తర్వాతో గొంతు విప్పి ఏడ్చాను.

అప్పుడు ఒక్కోటీ బయటికొచ్చింది. మొదటిది అపరాధ భావం, అది అందరూ ఊహించేదే. రెండోది చెప్పడానికి నోరు రాలేదు. వాడు వెళ్లాక, పొద్దున్నే లేచి బయటికి తీసుకెళ్లే పని లేదని ఒళ్లు తేలికపడింది. అది ఊరట. గరివిడి నుంచి ఫొటో వచ్చినప్పుడు, వాళ్ల పాప ఒళ్లో తల పెట్టుకుని వాడు నిద్రపోతున్నాడు. సంతోషించాలి. నాకు మాత్రం ఆ పాప మీద అసూయ కలిగింది. అందులో తప్పులేదని టీచరుగారు అన్నారు.

అన్నిటికన్నా లోతున ఉన్నది నాన్న మీద కోపం. కుక్క వెళ్లిపోయినా ఆ ప్రొటీన్లు పరుపుల్లో, సోఫాల్లో కొన్ని నెలల దాకా ఉండిపోతాయట. అందుకే నాన్న దగ్గు వెంటనే తగ్గలేదు. పక్కగదిలోంచి ఆ దగ్గు వినబడినప్పుడల్లా "మరి వాణ్ణెందుకు పంపించినట్టు" అని పళ్లు కొరుక్కునేదాన్ని. జబ్బు మనిషి మీద కోపమేమిటని సిగ్గేసి, ఆ సిగ్గును కూడా బాధ అనేసేదాన్ని. ఒక రాత్రి నిద్ర పట్టక 14416కు ఫోన్ చేశాను. అది మనసు బాగోలేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడటానికి ప్రభుత్వం వారు పెట్టిన టెలీ మానస్, 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, ఏ వేళైనా చేయొచ్చు. కుక్క గురించి చెబితే నవ్వుతారేమోనని టెన్షన్ పడ్డాను. అవతల ఉన్న అమ్మాయి నవ్వలేదు. కోపం మనిషి మీదా, జబ్బు మీదా అని అడిగి, నేను చెప్పేదాకా ఆగింది. జబ్బు మీద అని నా నోటితో నేనే అన్నాను. ఆ అమ్మాయి ఎవరో తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆ మర్నాడే నాన్నతో మాట్లాడగలిగాను. పెద్ద చెరువు వైపు నడిచి ఇంటికొచ్చారు. గేటు గడియ తీసి, లోపలికి కాస్త జరిగి, ఒక కాలు అడ్డం పెట్టి గేటు వేశారు. కర్రోడు వీధిలోకి దూరిపోకుండా ఎప్పుడూ అలాగే వేసేవారు. కాలు అలాగే ఉంచి నిలబడిపోయారు. వెళ్లి చెయ్యి పట్టుకుని, "నాన్నా, కొన్నాళ్లు మీ దగ్గు మీద నాకు కోపం వచ్చింది" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "నాకూ వచ్చిందమ్మా. నావల్లే కదా వాడు వెళ్లాడు" అన్నారు. ఇన్నాళ్లూ ఆయన కర్రోడి సత్తు గిన్నె తోమి, ఎండబెట్టి, తన బీరువాలో దాచుకున్నారని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నాన్న రాత్రుళ్లు పడుకుంటున్నారు. ఫొటోలు వస్తే ఇద్దరం కలిసే చూస్తున్నాం. అసూయ ఇంకా కొంచెం ఉంది, ఉందని ఆయనకు చెప్పేస్తున్నాను.

గరివిడి అన్నయ్యా, వదినా, దసరా వెళ్లాక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ చూడ్డానికి మీరెలాగూ వస్తారు. ఆ పూట భోజనం మా ఇంట్లోనే. పాపకి నాన్న గౌను కొనిపెట్టారు, కొలత సరిపోతుందో లేదో వచ్చినప్పుడు చూద్దాం.